వేడిగా ఉన్న మోకాలు

నా కుడి మోకాలు నా మాట వినడం మానేసి చాలాకాలమైంది. మెట్లు ఎక్కేటప్పుడు కాస్త బతిమాలితే కదులుతుంది గానీ దిగేటప్పుడు మొండికేస్తుంది. పిల్లలు పోరగా పోరగా విశాఖపట్నంలో మా వీధి చివరే ఉన్న ఫిజియోథెరపీ సెంటరుకి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ ఏసీ గదిలో ఎత్తుబల్ల మీద పడుకోబెడతారు. ఆ బల్ల ఎక్కడమే నాకు పెద్ద వ్యాయామం. నా కాలు చూసే అమ్మాయికి నా మనవరాలి వయసుంటుంది. మొదటిరోజు ఆ పిల్ల నా చీర మోకాలి పైదాకా జరిపి, చెయ్యి తుడుచుకుని, చేతి వెనకవైపుని నా మోకాలికి ఆనించింది, జ్వరం ఉందేమో చూసినట్టు. తర్వాత రెండో మోకాలికి ఆనించింది. "వేడి లేదమ్మా, పర్వాలేదు. వేడిగా వాచి ఉంటే మేము ముట్టుకోము. ముందు డాక్టరు దగ్గరికి పంపేస్తాము" అంది. నేను గోడవైపు తిరిగిపోయాను. నొప్పెట్టిందా అని అడిగింది. లేదన్నాను. నేను ఏడుపుగొట్టు మనిషిని కాను, మావారు పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు. ఆ రోజు మాత్రం ఆ బల్ల మీద పడుకుని కన్నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేకపోయాను. ఆ మాట నేను అంతకు ముందొకసారి విన్నాను, చోడవరంలో మా ఇంటి అరుగు మీద, మా రత్నత్త నోట.

రత్నత్త అంటే మా నాన్న చెల్లెలు నూకరత్నం. అప్పటికి ఆవిడకి పెళ్ళి కాలేదు. నాకు రెండు జడలు వేసే పని ఆవిడదే. మాది పెంకుటిల్లు, ముందు పొడుగాటి అరుగు, వెనక పెరడు, పెరట్లో నూతి పక్కన వావిలి చెట్టు. పొద్దువాలే వేళకి మా ఇంటికి ఒక వాసన వచ్చేది. వెచ్చబెట్టిన ఆముదం, ఉడుకుతున్న వావిలాకు, తాత కాల్చే చుట్ట, మూడూ కలిసిన వాసన. బయటివాళ్ళకి అది వెగటుగా ఉండేదేమో, నాకు మాత్రం ఆ వాసన వచ్చిందంటే ఇక ఎవరూ ఎవరినీ తిట్టరని, కాసేపట్లో అన్నాలు పెడతారని ధైర్యంగా ఉండేది. చెరకు ఆడే రోజుల్లో పొలం నుంచి మరిగే రసం వాసన కూడా వచ్చి కలిసేది. ఇప్పుడు ఆముదం సీసా కొని తెచ్చి మూత తీసి చూశాను. వాసనే లేదు. వాసన తీసేసిన ఆముదమట, సీసా మీద అదేదో గొప్పలా రాశారు.

మా తాతకి బెల్లం పాకం పట్టడంలో చుట్టుపక్కల పెద్ద పేరు. పెనంలో రసం ఉడుకుతున్నంతసేపూ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మంట చూసుకునేవాడు. పాకం చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య నలిపి, "దింపండి" అనేవాడు. ఆయన దింపమన్నాక ఇంకొంచెం ఉండనిద్దామని ఎవరూ అనకూడదు. ఎవరూ అనలేదు కూడా. పాకం దగ్గర చెల్లిన మాట ఇంట్లో కూడా చెల్లుతుందని ఆయన నమ్మకం, మా అందరి నమ్మకమూ అదే. అలా పొయ్యి ముందు కూర్చుని కూర్చుని మోకాళ్ళు అరిగిపోయాయి. లేచేటప్పుడు ఎముకలు టకటకమనేవి, ఆ చప్పుడు వింటే మేము పిల్లలం నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పారిపోయేవాళ్ళం. ఇప్పుడు నా మోకాలు అదే చప్పుడు చేస్తుంటే మా మనవడు నవ్వు ఆపుకుంటున్నాడు.

రత్నత్త ఎదురుకాళ్ళతో పుట్టింది, అంటే తలకంటే ముందు కాళ్ళు బయటికి వచ్చాయన్నమాట. అలా పుట్టినవాళ్ళ పాదం తగిలితే నడుం పట్టు వదులుతుందని, కీళ్ళ నొప్పులు పోతాయని మా వైపు గట్టి నమ్మకం. అందుకని వడ్డాది నుంచి, రోలుగుంట నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారు. మీసాలు మెలేసే పెద్ద రైతులు మా అరుగు మీద బోర్లా పడుకుంటే, ఆ బక్కపల్చని పిల్ల వాళ్ళ నడుం మీద ఎడమ పాదం మోపి తొక్కేది. తొక్కిన వెంటనే వంగి వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టి, ఆ చేతులు కళ్ళకద్దుకునేది. పెద్దవాళ్ళని కాలితో తాకిన దోషం అలా పోతుందట. ప్రతిఫలంగా ఏది పుచ్చుకున్నా పాదం మహిమ పోతుందని తాత ఎవరి దగ్గరా ఒక అరటిపండు కూడా తీసుకోనిచ్చేవాడు కాదు.

మోకాళ్ళ నొప్పులకి మాత్రం వట్టి పాదంతో సరిపోయేది కాదు. ఆవిడ పుట్టినప్పుడు పురుడు పోసిన మంత్రసానే చిన్నప్పట్నుంచీ దగ్గర కూర్చోబెట్టుకుని మర్దనా నేర్పింది. రోజూ సాయంత్రం తాత నులక మంచం మీద కాళ్ళు చాపుకుంటే అత్త కింద కూర్చునేది. నూనె ముట్టుకునే ముందు చేతి వెనకవైపుని మోకాలికి ఆనించి కాసేపు అలాగే ఉండేది. ఎందుకలా అని నేనడిగితే, "ఎలగుందో దాన్నే అడుగుతన్నానే" అనేది. తర్వాత గోరువెచ్చని ఆముదం పట్టించి, బొటనవేళ్ళతో మోకాటిచిప్ప చుట్టూ మెల్లగా తిప్పేది. పిక్కని కిందినుంచి పైకి పిసికేది. మోకాలి వెనక పల్లంలో మాత్రం గట్టిగా నొక్కేది కాదు, అక్కడ రాసి వదిలేసేది. ఉడికిన వావిలాకు గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేది. అంతా అయ్యాక లేచి, పాదం కడుక్కుని వచ్చి, మోకాలి మీద మోపి తీసేది. అప్పటికి తాత కళ్ళు మూతలు పడేవి. రోజంతా ఇంట్లోవాళ్ళని హడలగొట్టే మనిషి ఆ కాసేపు పసిపిల్లాడిలా నోరు తెరుచుకుని పడుకునేవాడు.

ఆ పాదాన్ని మా ఇల్లంతా కాపాడేది. అత్తని పొలం పంపేవారు కాదు, ముల్లు గుచ్చుకుంటుందని. మా ఇంట్లో ఆడవాళ్ళెవరికీ చెప్పులు లేవు, ఆవిడకి మాత్రం తాత దగ్గరుండి తోలు చెప్పులు కుట్టించాడు. ఆ చెప్పులు తొడుక్కుని అత్త నూతి దగ్గరికి వెళ్తుంటే మా అమ్మ పళ్ళు బిగించి అంట్లు తోముకునేది. అత్తకీ కొంచెం గర్వం ఉండేదనుకుంటాను. రాత్రి పడుకోబోయే ముందు పసుపు రాసి పాదాలు కడుక్కునేది. తప్పేముంది, ఆ వయసులో ఆడపిల్లకి ఊళ్ళో ఒక పేరుండటం మామూలు సంగతా.

ఒక ఏడు చెరకు నరికేశాక తాత పొలంలో మోకాళ్ళ మీద వంగి ఏదో తీయబోతుంటే నరికిన చెరకు మోడు ఒకటి మోకాలి పక్కన దిగింది. సున్నం, పసుపు కలిపి పెట్టుకున్నాడు. పైన మానిపోయింది. తర్వాత కొన్నాళ్ళకి మోకాలు వాచడం మొదలైంది. రోజూ ఉండే నొప్పే ముదిరిందనుకున్నాడు. మేమూ అదే అనుకున్నాం, ఎవరికీ ఆ మోడు గుర్తు రాలేదు. ఒక సాయంత్రం వడ్డాది నుంచి నడుం పట్టేసిన రైతు ఒకాయన వచ్చి అరుగు మీద తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. నేను స్తంభానికి ఆనుకుని చేగోడీలు తింటున్నాను. అత్త నూనె గిన్నె పక్కన పెట్టుకుని, ఎప్పట్లాగే చేతి వెనకవైపుని తాత మోకాలికి ఆనించి, వెంటనే తీసేసింది. మళ్ళీ ఆనించింది. రెండో మోకాలు చూసింది.

"నాన్నా, ఇది రోజూ నొప్పి కాదు. కాల్తంది. దీన్ని నాను ముట్టను. ఆసుపత్రికి ఎల్దాం" అంది.

తాత ముందు నవ్వాడు. వడ్డాది రైతు కూడా నవ్వాడు. ఊళ్ళో అందరికీ పనిచేసిన పాదం కన్నతండ్రికి పనిచెయ్యదేటి అన్నాడు తాత. అత్త గిన్నె ఎత్తుకుని లేవబోయింది. అప్పుడు తాత అరిచాడు. బెల్లం పెనం దగ్గర అరిచే అరుపు అది. "బయటోళ్ళ ముందు కాదంతావా? నాను సెప్తన్నాను, తొక్కు" అన్నాడు. అత్త మా నాన్న వైపు చూసింది. నాన్న పంచె అంచు సర్దుకున్నాడు. మా నాయనమ్మ గుమ్మంలోకి వచ్చింది గానీ గుమ్మం దాటలేదు. అత్త మళ్ళీ కింద కూర్చుంది. నూనె రాసింది, పిసికింది. తాత పళ్ళు కరుచుకుని మూలుగుతూనే, ఎంత నొప్పెడితే అంత బయటికి పోతుందని వడ్డాది రైతుకి చెప్తూ ఉన్నాడు. చివరికి అత్త లేచి పాదం మోపింది. తాత కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. అత్త వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది, కానీ రోజూలా వెంటనే లేవలేదు. ఆ కాళ్ళ మీదే తల పెట్టుకుని ఉండిపోయింది. నేను చేగోడీ నములుతూ, అత్త నిద్రపోయిందేమో అనుకున్నాను.

తెల్లారేసరికి తాతకి ఒళ్ళు కాలిపోతూ వణుకు పట్టుకుంది. బండిలో అనకాపల్లి, అక్కణ్ణుంచి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మోకాలు కోసి చీము తీశారట. ప్రాణం దక్కింది, కాలు కూడా దక్కింది, కీలు మాత్రం బిగిసిపోయింది. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ కాలు కర్రలా చాపుకునే ఉంది. ఆసుపత్రిలో డాక్టరు చాలా కోప్పడ్డాడని, వేడిగా వాచిన మోకాలిని పిసికి తొక్కిందెవరని అడిగాడని మా నాన్న తర్వాత అమ్మకి చెప్తుంటే విన్నాను. తాత "మా అమ్మాయి" అన్నాడట. అంతే అన్నాడట. అది వద్దంది, నేనే తొక్కించాను అని అనలేదు. అక్కడే నిలబడ్డ మా నాన్న కూడా అనలేదు.

తాత ఇంటికి వచ్చాక నేల మీద పీట వేసుకుని కూర్చోలేకపోయాడు. ఆయనకొక్కడికీ బల్ల మీద కంచం పెట్టేవారు. మేమంతా కింద వరసగా కూర్చుంటే, తాత గోడవైపు తిరిగి పైన ఒక్కడే తినేవాడు. పొయ్యి ముందుకి ఇక వెళ్ళలేదు. పాకం పట్టడానికి ఇంకెవరినో పెట్టుకున్నారు, మరుసటి ఏడు బెల్లం నల్లగా వచ్చిందని అందరూ అన్నారు. అత్త మాత్రం అలవాటుగా రోజూ సాయంత్రం ఆముదం వెచ్చబెట్టి మంచం దగ్గరికి తీసుకెళ్ళేది. కనీసం పిక్క అయినా పిసుకుదామని. తాత మొహం తిప్పుకునేవాడు. అత్త కాసేపు నిలబడి, చల్లారిన నూనెని వంటింట్లోకి తీసుకెళ్ళి మళ్ళీ సీసాలో పోసేసేది. అది కోపమా, సిగ్గా అని ఇన్నేళ్ళు ఆలోచించాను. సిగ్గేనని ఇప్పుడు నాకు తెలుసు, ఎందుకంటే ఆ వయసు నాకూ వచ్చింది. కానీ పెళ్ళి కాని పిల్లకి అది సిగ్గని ఎలా తెలుస్తుంది.

వడ్డాది రైతు ఊరూరా చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, అదే ఘోరం. ఆ పిల్ల ముందే కాదంది, ఇష్టం లేకుండా తొక్కింది, అందుకే మహిమ బెడిసికొట్టింది అన్నాడు. ఆవిడ ఏ మాటతో తండ్రిని కాపాడాలని చూసిందో ఆ మాటే ఆవిడ నేరమైపోయింది. బళ్ళు రావడం మానేశాయి. నాయనమ్మ కూడా ఓ రోజు బియ్యం ఏరుతూ, "తండ్రిని కాల్తో తన్నితే ఊరికే పోద్దేటి" అనేసింది, అన్నేళ్ళూ అదే పాదానికి పసుపు నూరిచ్చిన మనిషి. తాత విన్నాడు. చుట్ట ఆరిపోతే మళ్ళీ వెలిగించుకున్నాడు. అత్త వద్దన్న సంగతి నేను మా అమ్మకి చెప్పాను. పెద్దవాళ్ళ గొడవలు నీకెందుకని జడ పట్టుకుని వంటింట్లోంచి బయటికి పంపింది. తాతంటే నాకు చాలా ఇష్టం. ఆయన ఒళ్ళో కూర్చుని వేడి పాకం నాకిన చిన్నతనం నాది. అయినా ఆ మౌనాన్ని నేను ఇవాళ్టికీ క్షమించలేదు. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట ఆయన దగ్గరే ఉంది, ఇంకెవరు చెప్పినా చెల్లేది కాదు.

అత్త చెప్పులు విప్పి అరుగు కింద పెట్టేసింది. అమ్మతో పాటు పొలం వెళ్ళడం మొదలుపెట్టింది, చెరకు మోళ్ళలో కూడా ఉత్తకాళ్ళతోనే. తర్వాత దేవరాపల్లి సంబంధం కుదిరింది. ఆవిడ ఎదురుకాళ్ళతో పుట్టిన సంగతి అత్తవారింట్లో ఎత్తొద్దని మా ఇంట్లో అందరికీ చెప్పి మరీ వెళ్ళింది. తాత పోయినప్పుడు వచ్చి, మంచానికి దూరంగా, పాదాలు చీర కుచ్చెళ్ళ కింద దాచుకుని కూర్చుంది. అందరూ చివరిసారి కాళ్ళు ముట్టుకున్నారు, ఆవిడ గాల్లోనే దణ్ణం పెట్టింది.

సెంటరులో ఆ పిల్ల నా మోకాలి చుట్టూ బొటనవేళ్ళు తిప్పుతుంటే కళ్ళు మూసుకుని అత్తని తల్చుకునేదాన్ని. వాళ్ళది ఏదో జెల్, చల్లగా ఉంటుంది. చెయ్యి మాత్రం అదే చెయ్యి. చిప్ప చుట్టూ, పిక్క కింది నుంచి పైకి, వెనక పల్లంలో జాగ్రత్తగా. ఓ రోజు పక్క బల్ల మీద ఒక పెద్దాయన ఇంకా గట్టిగా నొక్కమని గదమాయించాడు. ఆ పిల్ల చేతులు వెనక్కి తీసుకుని, "వాపు ఉంది సార్, ఇవాళ చెయ్యను" అని మెల్లగా చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. ఆయన గొణుక్కుంటూ ప్యాంటు కిందికి దించుకున్నాడు. అంతే, ఇంకేమీ జరగలేదు. ఆడపిల్ల వద్దంది, లోకం తలకిందులు కాలేదు. ఈ కాలాన్ని నేను రోజూ ఏదో ఒకందుకు తిట్టుకుంటాను గానీ ఆ పూట తిట్టలేదు.

ఆ వారమే కారు మాట్లాడుకుని దేవరాపల్లి వెళ్ళాను. దారిలో చోడవరంలో ఆగాను. మా ఇల్లు ఉన్నచోట షట్టర్ల బిల్డింగు ఉంది, కింద సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. వావిలి చెట్టు గురించి అడిగితే కొట్టు కుర్రాడికి ఆ పేరే తెలియదు. దేవరాపల్లిలో అత్త చిన్నకొడుకు ఇంట్లో ఉంటోంది. ఎనభై దాటిన మనిషి గచ్చు మీద హాయిగా బాసింపట్టు వేసుకుని కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అందరి మోకాళ్ళూ పోయాయి, ఆవిడవి మాత్రం చెక్కుచెదరలేదు. చీర అంచు కింద నుంచి మడమలు కనిపించాయి, ఎండిన చెరువులా పగుళ్ళు. నన్ను చూసి వెంటనే పాదాలు లోపలికి లాక్కుంది.

నేను కింద కూర్చోలేక కుర్చీలో కూర్చున్నాను. చెప్పాలనుకున్నది దారంతా కూడబలుక్కుంటూనే ఉన్నాను. చెప్పేశాను. సెంటరు సంగతి, ఆ పిల్ల చేతి వెనకవైపుతో చూడటం, వేడిగా ఉంటే ముట్టుకోమనడం, ఇది ఇప్పుడు చదువుల్లో చెప్తున్నారనడం, అన్నీ. "అత్తా, ఆరోజు నువ్వన్నదే నిజం. నీ తప్పేం లేదు. నేను విన్నాను కదా" అన్నాను. ఎన్నాళ్ళుగానో దాచిపెట్టిన వస్తువు తెచ్చి ఆవిడ చేతిలో పెడుతున్నట్టు, ఆవిడ మొహం విప్పారుతుందని చూస్తూ చెప్పాను.

అత్త గింజ తీయడం ఆపలేదు. ఇంకో గింజ తీసి పక్కన వేస్తూ అంది.

"అది నిజమని నాకు ఆరోజే తెల్సు కదే. తెలీకపోతే బాగున్ను. తెలీక తొక్కేనని అనుకుని ఏడిసి ఊరుకుందును. తెల్సే తొక్కేను సరోజా."

తాత అరిచాడు కదా, నువ్వేం చెయ్యగలవు అన్నాను.

"అరిసేడు. కొట్టలేదు, సంపలేదు. అరుపుకే కాలెత్తీసేను. గిన్నె కింద పడేసి నూతి కాడికి పోతే ఏటయ్యేది? ఇంకో నాలుగు అరుపులు అరుసును. నడుస్తా ఉండును మా నాన్న."

ఆవిడ మీద పడ్డ నింద దింపుదామని ఇంతదూరం వచ్చాను. ఆ నింద ఎప్పుడూ ఆవిడని బాధించనే లేదు. ఊరంతా వేసిన నింద తప్పని ఆవిడకి తెలుసు, అందుకే దాన్ని లెక్కచెయ్యలేదు. తనకి తెలిసిన ఇంకొకటి మోస్తోంది, దాన్ని దింపే మాట నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. తాత ఆ ఒక్క మాట అని ఉంటే సరిపోయేదని ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నాను. అది కూడా సరిపోయేది కాదేమో.

కాఫీ తాగి లేవబోతుంటే నా మోకాలు టకటకమంది. అత్త తలెత్తి చూసింది. చింతపండు చెయ్యి కొంగుకి తుడుచుకుని, కుర్చీ దగ్గరికి జరిగి, నా చీర కాస్త పైకి జరిపి, చేతి వెనకవైపుని నా మోకాలికి ఆనించింది. గరుకు చెయ్యి. అలాగే ఉంచింది. నాకు ఆ బొటనవేళ్ళు ఒక్కసారి చిప్ప చుట్టూ తిరిగితే చాలుననిపించింది. కాలు ఇంకాస్త ముందుకి చాపాను.

"సల్లగానే ఉంది" అంది అత్త, చెయ్యి తీసేసుకుంటూ. "భయం లేదు. ఆ పిల్ల సేత పట్టించుకో."